పసిప్రాణము – సంఘ ఋణము

ఒక పేదయింట బిడ్డ పుట్టినది. పాలు త్రాగుటకే ఆయాసపడుచున్నది. ఏడ్చినపుడు పెదవులును గోళ్ళును నీలిరంగునకు తిరుగుచున్నవి. వైద్యుడు పరీక్షించి, హృదయమున పుట్టుకతోనే లోపము కలదనియు, శస్త్రచికిత్స చేసినచో బ్రదుకుననియు, కాని అందులకు తగిన వసతి ఆ దేశమున లేదనియు చెప్పెను. దూరదేశమునకు పోవలెను. దానికగు ధనము ఆ తండ్రి జన్మమంతయు కూలిచేసినను కూడబెట్టగలిగినది కాదు. తల్లి బిడ్డనెత్తుకొని నలుగురి వాకిట నిలిచినది. ఆమెకు లోకము ఇయ్యవలసిన సమాధానమేమి?

ఇది ఊహించి కల్పించిన చిక్కు కాదు. ప్రపంచమున పుట్టు ప్రతి వేయిమంది శిశువులలో ఇంచుమించు 8 మంది నుండి 10 మంది వరకు హృదయలోపముతో పుట్టుచున్నారని వైద్యుల అంచనా. అందరికిని శస్త్రచికిత్స అవసరము కాదు. కొన్ని చిన్న రంధ్రములు తమంతట తామే పూడిపోవును. కాని అవసరమైనవారికి అది సకాలమున జరుగనిచో ప్రాణహాని తప్పదు. సంపన్నదేశమున పుట్టిన బిడ్డ చికిత్స పొంది, బడికి పోయి, పెరిగి, సంసారియగును. అదే లోపముతో పేదదేశమున పుట్టిన బిడ్డ అయిదేండ్లు నిండకమునుపే కన్నుమూయవచ్చును. లోపమొక్కటే, పుట్టిన చోటు వేరు. ఈ భేదము దైవము పెట్టినది కాదు, మనుష్యులు తీర్పక విడిచినది.

ఆ తల్లికి సాధారణముగ మూడు విధములగు మాటలు వినబడును. మొదటిది, "అది ఆ బిడ్డ ప్రారబ్ధము" అనునది. రెండవది, "పాపము, తోచినంత ఇత్తము, పుణ్యము వచ్చును" అనునది. మూడవది, "ఒక్క బిడ్డకు ఇంత సొమ్మేల? దీనితో నూరుమంది ఆకలి తీర్పవచ్చును గదా" అనునది. మొదటిది నిర్దయగను, రెండవది దయగను, మూడవది వివేకముగను కనబడును. మూడింటిని విచారించి చూడవలసియున్నది.

ప్రారబ్ధమను మాటకు శరణమార్గమున చోటు లేదు. 12వ శతాబ్దమున కల్యాణపట్టణమందు బసవేశ్వరుడును శరణులును పుట్టుకను బట్టి మనుష్యునకు వెలకట్టు ఆచారమును త్రోసిపుచ్చిరి. పుట్టుకచేత ఒకడు హీనుడు కానిచో, పుట్టుకచేత ఒక బిడ్డ చావదగినదియు కాదు. ఆ మాట ఎప్పుడు ఎవరి నోట వచ్చునో గమనించినను దాని బలము తెలియును. తన బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి ప్రారబ్ధమని పడుకొనియుండు తండ్రి లేడు. వైద్యుని తలుపు తట్టును. పరుల బిడ్డ విషయముననే ఆ మాట జ్ఞప్తికి వచ్చును. తనకు వర్తింపజేసికొనని సిద్ధాంతము సిద్ధాంతము కాదు, సాకు మాత్రమే.

రెండవ మాట మంచిదే. దయ లేని ధర్మము ధర్మము కాదు. కాని దానమునకును దాసోహమునకును గల తేడాను ఇచ్చట మరువరాదు. దానమున ఇచ్చువాడు మీదను, పుచ్చుకొనువాడు క్రిందను ఉందురు. దాసోహమున ఇచ్చువాడే దాసుడు. కాయకముచేత గడించినదానిలో తన యిల్లు గడువగా మిగిలినది తనది కాదని తెలిసి, దానిని చేరవలసిన చోటికి చేర్చుటయే దాసోహము. దానము చేసినవాడు కృతజ్ఞతకై ఎదురుచూచును. దాసోహము చేసినవాడు బాకీ తీర్చినవానివలె తేలికపడును. జంగముడు జోలెతో వాకిట నిలిచినపుడు ఇల్లాలు అతనిని యాచకుడని తలపదు. తన యింటి అన్నము పవిత్రమగుటకు సమయము వచ్చినదని తలచును. బిడ్డ ప్రాణము కొరకు తల్లి చాచిన కొంగును ఆ జోలెతో సమానముగ చూడగలిగిననాడే దాసోహమను మాటకు అర్థము తెలిసినట్లు.

ఇట్టి పని దేశములు దాటి జరిగిన సందర్భమొకటి కలదు. 1975లో ఉగాండా దేశపు చిన్నబాలిక యొకతెకు హృదయ శస్త్రచికిత్స అవసరమైనది. ఆ దేశము అప్పుడు ఇదీ అమీన్ నిరంకుశ పాలనలో నలుగుచుండెను. భారతీయ సంతతివారిని వేలకొలదిగ 1972లో వెడలగొట్టిన పాలన అది. న్యూయార్కు సమీపమున లాంగ్ ఐలాండ్ నందలి మన్‌హాసెట్ రోటరీ సంఘమువారు ఆ సంగతి విని, ధనము సమకూర్చి, ఆ బాలికను రప్పించి, రాస్లిన్‌లోని సెయింట్ ఫ్రాన్సిస్ ఆసుపత్రిలో చికిత్స చేయించిరి. ఆమె వారి మతము కాదు, జాతి కాదు, భాష కాదు. ఆమె వలన వారికి కలుగు ప్రయోజనమేమియు లేదు. వారు దానికి "గిఫ్ట్ ఆఫ్ లైఫ్", అనగా జీవదానమని పేరు పెట్టిరి. పేరున దానమున్నను, తీరున అది దాసోహమునకు చేరువ. ఏలయనగా వారు ఆ ఒక్క బాలికతో పని ముగిసినదని తలపలేదు. ఆ సంగతి ముందు వచ్చును.

ఇక మూడవ మాట. ఇది మూడింటిలో బలమైనది. దీనిని తేలికగ త్రోసివేయరాదు. అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు థామస్ షెల్లింగ్ 1968లో ఒక వ్యాసమున ఈ సంగతినే ఎత్తి చూపెను. ఒక చిన్నపిల్ల శస్త్రచికిత్సకు డబ్బు కావలెనన్నచో జనులు వెల్లువగా పంపుదురు. ఆసుపత్రులకు పన్నుసొమ్ము తగ్గినందున కొందరు చనిపోదురన్నచో అదే జనులు అంతగా చలింపరు. 2005లో ఇజ్రాయిల్ పరిశోధకులు తెహిలా కోగుట్, ఇలానా రిటోవ్ దీనిని పరీక్షించి చూచిరి. పేరు, వయస్సు, చిత్రము చూపిన ఒక్క రోగిబిడ్డకు జనులు ఇయ్యజూపిన ధనము, ఎనిమిదిమంది రోగిబిడ్డల సమూహమునకు ఇయ్యజూపినదానికన్న అధికమైనది. ప్రాణములు ఎనిమిదింతలైనను కరుణ పెరుగలేదు. ముఖము గల ఒక్కరికి కరగు హృదయము, లెక్కగా మారిన పలువురికి కరగదు.

ఇది మనుష్యహృదయపు బలహీనతయే. అయినను దీనినిబట్టి ఆ ఒక్క బిడ్డకు ఇయ్యకూడదని చెప్పుట న్యాయము కాదు. నూరుమందిని చూపి ఒక్కరిని నిరాకరించువాడు ఆ నూరుమందికి ఏమిచ్చెనని అడిగి చూడవలెను. తరచుగా ఆ సొమ్ము నూరుమందికి పోదు, పెట్టెలోనే ఉండును. ఒక పెండ్లిపందిరికి, ఒక ఊరేగింపునకు వ్యయమగు ధనము విషయమున ఎవరును నూరుమంది ఆకలిని జ్ఞప్తికి తెచ్చుకొనరు. బిడ్డ ప్రాణము దగ్గరనే ఈ గణితము బయటికి వచ్చుట వింత.

అయితే ఆ గణితము నిజముగ వర్తించు చోటొకటి కలదు. వాకిట నిలిచిన తల్లిని చూచి తన సొమ్ము తీసి ఇచ్చు గృహస్థుడు వేరు. పదిమంది నమ్మి అప్పగించిన నిధిని కాపాడు మఠాధిపతియో ధర్మకర్తయో వేరు. గృహస్థుడు ఎదుట నిలిచినవానికి ఇచ్చుటలో తప్పు లేదు. నిధిని కాచువాడు మాత్రము తన వాకిటికి రాలేనివారిని గూడ కన్నులయెదుట నిలుపుకొనవలెను. అన్నదాసోహమునకై ఇచ్చిన ధాన్యమును అమ్మి విమానపు టిక్కెట్టు కొనుట, సదుద్దేశముతో చేసినను, ఆకలిగొన్న పిల్లల పళ్ళెము నుండి తీయుటయే యగును. అట్టిచో చేయవలసినది బిడ్డను నిరాకరించుట కాదు. ఆ బిడ్డ పేర వేరు జోలె పట్టుట. మఠము ఇయ్యగలిగిన మొదటి కానుక ధనము కాదు, తన మాట. మఠము అడిగినదన్నచో ఇచ్చు చేతులు వెనుదీయవు.

మాటను పణముగ పెట్టువాడు పట్టవలసిన నియమములు కొన్ని కలవు.

అందు మొదటిది అవసర నిర్ణయము. విదేశమన్నంతనే అది మేలైన వైద్యమని భ్రమపడరాదు. ఒక వైద్యుని మాటతో ఆగక, ఆ శాఖలో ఆరితేరిన మరియొక వైద్యుని అభిప్రాయమును గూడ తెలిసికొనవలెను. ఒకప్పుడు పరదేశములకు పోవలసివచ్చిన పిల్లల హృదయ చికిత్సలనేకము నేడు వెల్లూరులోను, చెన్నైలోను, హైదరాబాదులోను, బెంగుళూరులోను జరుగుచున్నవి. దూరదేశమను మాటయే దిక్కు మారినది. 2001 డిసెంబరులో పార్లమెంటుపై జరిగిన దాడి తరువాత ఆగిన ఢిల్లీ–లాహోరు బస్సు 2003 జూలైలో మరల నడచినపుడు, పాకిస్తాను నుండి ఒక పసిపాప హృదయ శస్త్రచికిత్సకై బెంగుళూరునకు వచ్చినది. రెండు దేశముల నడుమ మాటలు లేని కాలమున, ఎరుగని జనులు ఆ పాపకై ప్రార్థించిరి, బొమ్మలు పంపిరి. ఆ తలిదండ్రులకు బెంగుళూరే పరదేశము. కావున పోవలసినది చికిత్స యున్న చోటికి. పేరున్న చోటికి కాదు. ఏ దేశమునను చికిత్స లేదని వైద్యులు తేల్చినపుడు ఆ సత్యమును తలిదండ్రులకు మెల్లగా తెలియజెప్పి, బిడ్డకు నొప్పి లేకుండ చూచుటకు తోడ్పడుటయు దాసోహమే. లేని ఆశను చూపి చందా దండుట దయ వేషము వేసిన క్రూరత్వము.

రెండవది బిడ్డ మానము. చిత్రము చూపినచో ధనము అధికముగ వచ్చునని పరిశోధనలే చెప్పుచున్నవి. అందుచేతనే ప్రలోభము గూడ అధికము. చొక్కా విప్పించి ఎముకలు కనబడునట్లు పటము తీయించుట, తల్లిని ఏడ్వుమని చెప్పుట, తండ్రి దారిద్ర్యమును వీధివీధిని చాటుట – ఇవి ధనము తెచ్చును, కాని బిడ్డ నుండి ఒకటి తీసికొని పోవును. ఆ బిడ్డ బ్రదుకును. బ్రదికినవాడు పెరిగి పెద్దవాడగును. తన పేర అచ్చయిన విజ్ఞప్తిని ఒకనాడు తన చేత పట్టుకొని చదువును. ఆనాడు అతడు తలయెత్తి చదువగలుగునా, తల వంచుకొనవలసివచ్చునా? విజ్ఞప్తి వ్రాయువాడు ఆ యువకుడు తన భుజముమీదుగ చూచుచున్నట్లు తలచి వ్రాయవలెను. వ్యాధి పేరు, వైద్యుని మాట, కావలసిన మొత్తము, సొమ్ము చేరవలసిన చోటు – ఇవి చాలును. నిజము చెప్పినచో చాలని చోట కన్నీరు కలిపినను అది నిలువదు.

మూడవది లెక్క. వచ్చిన ప్రతి రూపాయికి రసీదు, పోయిన ప్రతి రూపాయికి ఆధారము ఉండవలెను. ఆసుపత్రికి చెల్లవలసినది నేరుగ ఆసుపత్రికే చెల్లుట మేలు. లెక్క అడుగుట అనుమానము కాదు. లెక్క చూపుట అవమానము కాదు. ఒక్క చోట లెక్క తప్పినచో, తరువాత వచ్చు నిజమైన తల్లికి పది వాకిళ్ళు మూసికొనును. మోసగించినవాడు దోచుకొనినది ఇచ్చినవారి సొమ్ము మాత్రమే కాదు, రాబోవు బిడ్డ ఊపిరి.

నాలుగవది మిగులు. కోరినదానికన్న అధికముగ వచ్చినపుడు ఆ మిగులెవరిది? ఇందుకు శరణుల చరిత్రలోనే సమాధానము కలదు. ఐదక్కి మారయ్య నేల రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి దాసోహము జరుపుచుండెడివాడని సంప్రదాయము చెప్పును. ఒకనాడు అతడు నిత్యము తెచ్చుదానికన్న అధికముగ తెచ్చెను. భార్య లక్కమ్మ చూచి, నేటికి చాలినది ఉంచి, ఎక్కువను తెచ్చిన చోటనే పోసి రమ్మని పంపెను. ఆ గింజలు దొంగిలించినవి కావు, నేలపాలైనవి. అయినను అక్కరకు మించినది తమది కాదని ఆ యిల్లాలు ఎరుగును. బిడ్డ పేర వచ్చిన ధనమునకును ఇదే న్యాయము. చికిత్సకును, కోలుకొనువరకు మందులకును, తల్లి వసతికిని చాలినంత ఆ బిడ్డది. అంతకు మించినది, ఇచ్చినవారికి తెలియజేసి, తరువాతి బిడ్డకు పోవలెను. ఈ నియమమును విజ్ఞప్తిలోనే మొదట వ్రాసియుంచినచో తరువాత వివాదమునకు తావుండదు.

ఇన్ని చేసినను బిడ్డ దక్కకపోవచ్చును. అప్పుడు కొందరు, ఇంత ధనము వ్యర్థమైనదని పెదవి విరుతురు. తండ్రికి ఆ మాట శూలము వంటిది. దీనికి సమాధానము హృదయ శస్త్రచికిత్స చరిత్రయే ఇచ్చుచున్నది. 1944 నవంబరు 29వ తేదీన అమెరికాలోని బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో, నీలివర్ణమునకు తిరిగిన ఒక పసిపాపకు కొత్త విధమైన శస్త్రచికిత్స జరిగెను. హెలెన్ టాసిగ్ అను వైద్యురాలు కోరగా, ఆల్ఫ్రెడ్ బ్లాలాక్ అను శస్త్రవైద్యుడు చేసెను. అతని వెనుక నిలిచి అడుగడుగునకు సలహా చెప్పినవాడు వివియన్ థామస్. ప్రయోగశాలలో ఆ విధానమును తన చేతులతో సాధించిన నల్లజాతి పనివాడతడు. వైద్యపట్టము లేదు, జీతపు పట్టికలో అతనిని ఊడ్చువారి వరుసలో చేర్చియుండిరి. 1945లో వెలువడిన వైద్యవ్యాసమున అతని పేరే లేదు. అతనికి గౌరవ పట్టము 1976లో గాని దక్కలేదు. కాయకమునకు ఎక్కువ తక్కువలు లేవన్న శరణుల మాటకు ఇంతకన్న నిదర్శనమేమి కావలెను?

ఆ మొదటి పాప కొన్ని నెలలే బ్రదికెను. ఆమె కొరకు చేసిన శ్రమ వ్యర్థమని చెప్పగలవారెవరు? ఆ తరువాత ఎన్నో దేశముల నుండి తల్లులు నీలిబిడ్డలనెత్తుకొని బాల్టిమోరునకు వచ్చిరి; వేలకొలది బిడ్డలు గులాబిరంగు పెదవులతో తిరిగి పోయిరి. అయినను ఈ మాటను జాగ్రత్తగ చెప్పవలెను. తరువాతివారికి మేలు కలుగునని ఆ పాపకు చికిత్స చేయలేదు. ఆమె కొరకే చేసిరి. ఫలము వచ్చిననే కర్తవ్యము కర్తవ్యమగునని లేదు. ఋణము తీర్చువాడు అప్పిచ్చినవాడు ఆ సొమ్మును ఏమి చేసికొనునో చూచి తీర్పడు. బిడ్డకు ఒక అవకాశము బాకీ యుండెను, అది చెల్లినది. తక్కినది మనుష్యుల చేతిలో లేదు.

ఇపుడు ఉగాండా బాలిక వద్దకు తిరిగి రావలెను. ఒక్క బిడ్డతో మొదలైన ఆ పని అనేక దేశములకు వ్యాపించి, పదులవేల బిడ్డలకు చికిత్స అందించినది. అంతకన్న గొప్ప సంగతి మరియొకటి. బిడ్డలను విమానమెక్కించి తెచ్చుటకన్న, ఆ దేశములందే వైద్యులకు శిక్షణయిచ్చి, పరికరములు సమకూర్చి, చికిత్సను అచ్చటనే నిలుపుట మేలని ఆ సంస్థవారు తరువాత గ్రహించి ఆ మార్గము పట్టిరి. ఉగాండా రాజధాని కంపాలాలో నేడు అచ్చటి వైద్యులే పిల్లల హృదయములకు శస్త్రచికిత్సలు చేయుచున్నారు. మొదట బిడ్డ వైద్యుని యొద్దకు పోయెను. పిదప వైద్యమే బిడ్డ యొద్దకు వచ్చెను. మూడవ మాటకు సరియైన సమాధానమిదియే. ఒక్కరా, నూరుమందియా అను ప్రశ్న తప్పు. ఆ ఒక్కరి వెంట నడచినవాడే నూరుమందికి దారి వేయును. అయితే నడక ఆపరాదు.

తెలుగునాటను ఇట్టి నడక జరిగినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ పథకము మొదట మహబూబ్‌నగర్, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరంభమై, పిమ్మట రాష్ట్రమంతట వ్యాపించినది. పేదబిడ్డ హృదయ శస్త్రచికిత్సకు విజ్ఞప్తి పత్రముతో తిరుగవలసిన తండ్రికి ఒక కార్డు చేతికి వచ్చినది. 2013లో దేశమంతట ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలలోను బడులలోను పిల్లలను పరీక్షించి, పుట్టుకతో వచ్చిన లోపములను కనిపెట్టి చికిత్సకు పంపుచున్నారు. వీని మూలమున జోలె అక్కరలేకుండ పోలేదు. ఏ పథకమునకును అందని వ్యాధులు, పత్రములు లేని కుటుంబములు, దారి తెలియని తల్లులు ఉందురు. అందుచేత మఠముల పని యొకటి మిగిలియున్నది. తుమకూరు సిద్ధగంగా మఠమున శివకుమార మహాస్వామివారు 2019లో లింగైక్యులగువరకు అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహమును దశాబ్దముల తరబడి నడిపిరి. అన్నము పెట్టు పంక్తిలో కూర్చున్న బిడ్డ ఆయాసపడుచున్నదా, పెదవులు నీలిబారుచున్నవా అని చూచు కన్ను ఉన్నచో, ఆరోగ్యము నాలుగవ దాసోహమగును. ఆ కన్నునకు ధనము పనిలేదు. మెట్లెక్కుటకు మూడుసార్లు ఆగు బిడ్డను సకాలమున గుర్తించి, పత్రములు వ్రాసియిచ్చి, తల్లిని చేయిపట్టి ఆసుపత్రికి తీసికొనిపోవు ఒక మనిషి చాలును. ఆలస్యముగ సేకరించు లక్షలకన్న వేళకు నడచు నాలుగడుగులు విలువైనవి.

ఆ తల్లి ఇంకను వాకిటనే నిలిచియున్నది. ఆమె అడుగుచున్నది భిక్ష కాదు. తన బిడ్డ పుట్టిన చోటు వేరైనందున దానికి అందకపోయిన పాలు అడుగుచున్నది. ఇయ్యగలవాడు ఇచ్చును, అడుగగలవాడు ఆమె తరపున అడుగును, నడువగలవాడు ఆమెతో నడచును. ఏమియు చేయలేనివాడు గూడ ఒకటి చేయవచ్చును: ప్రారబ్ధమను మాటను నోట రానీయకుండుట. బిడ్డ బ్రదికి వచ్చిననాడు ఆమె ఎవరికిని నమస్కరింపవలసిన పని లేదు. ఇంటికి పోయి బిడ్డకు అన్నము పెట్టుకొనిన చాలును. అంతటితో ఆ బిడ్డ విషయమున ఋణము తీరును. తరువాతి బిడ్డ విషయమున మరల మొదలగును.